చుక్క పెట్టని కార్డు

ఏలూరు కాలువగట్టు మీద రహమాన్ గారి మేడ ముందు ఆ ఉదయం ఒక గూడుబండి ఆగింది. ముందూ వెనకా దళసరి తెరలు కట్టిన బండి అది. ఎద్దుల్ని విప్పకముందే ముసలి దాసీ ఒకతె దిగి దుప్పటి అడ్డం పట్టుకుంది. ఆ చాటున ఎవరో గబగబా మెట్లెక్కి, మగవాళ్లు కూర్చునే గది వైపు చూడకుండా జనానా వైపు వెళ్లిపోయారు.

మేడ మీది కిటికీలోంచి ఇదంతా చూసిన పాండురంగారావు పత్రిక మడిచి పక్కన పెట్టాడు. "రాజుల ఇంటి బండిలా ఉందండీ. ఘోషా వాళ్లు మన దగ్గరికి రావడమేమిటండీ?" అన్నాడు.

"ఘోషా మనిషి గడప దాటిందంటే ఇంటికి నిప్పంటుకుందన్నమాట, పంతులుగారూ. పదండి" అంటూ రహమాన్ లేచాడు.

రహమాన్ పోలీసు శాఖలో చాలాకాలం పనిచేశాడు. ఒక పెద్దమనిషి కేసులో నోరు మూసుకోమంటే మూసుకోలేక బయటికొచ్చాడు. అప్పటినుంచి సొంతంగా ఇలాంటి చిక్కులు విప్పుకుంటూ బతుకుతున్నాడు. నెమ్మదిగా మాట్లాడతాడు, ఎదుటివాళ్ల చేతులవంక చూస్తాడు. పాండురంగారావు ప్లీడరు పరీక్ష తప్పి ఆయన దగ్గర చేరాడు. పరీక్ష తప్పడమే తన అదృష్టమని ఊరంతా చెప్పుకు తిరిగే మనిషి. గురువు మాట్లాడుతుంటే నోరు తెరుచుకు వింటాడు. ఆ నోట్లో ఈగ దూరినా తెలియదని రహమాన్ భార్య హమీదా వేళాకోళం చేస్తుంది.

హాలు మధ్య తెర దించి ఉంది. అవతల హమీదా, వచ్చినావిడా కూర్చున్నారు. ఇవతల బల్ల మీద మగవాళ్లిద్దరూ కూర్చున్నారు.

"నా పేరు వెంకటనరసమ్మండీ. మాది గణపవరం పక్కన పల్లెటూరండీ." గొంతు సన్నగా ఉన్నా మాట తొణకలేదు. "మా మరిదిగారు నరసరాజు గారు ఊరి మునసబండీ. మా వారు పోయిన దగ్గర్నుంచి ఆయనే మాకు దిక్కు. నేనిక్కడికి వచ్చినట్టు ఆయనకి తెలీదు. కళ్ల డాక్టరుకి చూపించుకుంటానని చెప్పి వచ్చాను."

"చెప్పండమ్మగారూ."

"నాకు ఒక్కడే కొడుకండీ, వెంకట్రాజని. చెన్నపట్నంలో బి.ఏ. చదువుతున్నాడు. నాకు చదువు రాదని నెలకో బొమ్మకార్డు పంపుతాడు. వాడి కాలేజీ, హాస్టలు, ఆడుకునే చోటు, ఇలా ఏదో ఒక బొమ్మ. ఆ బొమ్మలో తానున్నచోట సిరాచుక్క పెడతాడు. 'చుక్క చూడమ్మా, అక్కడే ఉన్నాను' అంటాడు. కార్డులు వస్తూనే ఉన్నాయండీ. కానీ అవి మాట్లాడతాయి గాని వినవు."

"అంటేనండీ?" అన్నాడు పాండురంగారావు.

"నేను మా ఊరి మేష్టారి చేత ఉత్తరాలు రాయిస్తున్నానండీ. వాడు పెంచిన ఆవు ఈనింది. దూడకి ఏం పేరు పెట్టమంటావురా అని రాయించాను. జవాబు లేదు. అరిసెలు పంపాను. అందాయనైనా లేదు. నాకు జ్వరం వచ్చి మంచంపట్టానని రాయిస్తే, 'అమ్మా, నేను క్షేమం, నువ్వు క్షేమమని తలుస్తాను' అని వచ్చింది. దసరాకి రాలేదు. క్రిస్మస్ సెలవులకీ రానని రాశాడు. చెవిటివాడి కార్డులండీ ఇవి. నా కొడుకు చెవిటివాడు కాదు."

తెర కింద నుంచి పట్టుగుడ్డ మూట ఒకటి ఇవతలికి వచ్చింది. రహమాన్ విప్పి చూశాడు. సముద్రపు ఒడ్డున గుమ్మటాల సెనేట్ హౌసు, పుస్తకాల బీరువాల మధ్య తలలు వంచుకున్న విద్యార్థులు, హాస్టల్లో పీటలమీద బంతి భోజనం, క్రికెట్ ఆడే మైదానం, సాయంత్రం పూట బీచి. ప్రతి బొమ్మలోనూ ఎక్కడో ఒకచోట నల్లటి సిరాచుక్క ఉంది. వెనక రెండు మూడు వాక్యాలు, చెన్నపట్నం తపాలా ముద్ర.

"దస్తూరీ అబ్బాయిదేనా?"

"వాడిదేనని మా మరిదిగారూ మేష్టారూ అంటున్నారండీ. కార్డులు నాకు చదివి వినిపించేది మరిదిగారే. వాడు ఊరు దాటిన నాటి నుంచి ఆయనకీ బెంగే. వాడి కోసం మొక్కుకుని ప్రతి బహుళ నవమికీ ఒంటిపూట ఉంటున్నారండీ. మండవల్లి వైపు కొల్లేట్లో మాకు పశువుల సావిడి ఉంది లెండి. అక్కడికెళ్లి స్నానం చేసొస్తారు."

"అబ్బాయి ఊరు దాటిందెప్పుడు?"

"వేసవి సెలవులయ్యాక, జ్యేష్ఠ బహుళంలోనండీ. నవమి పూట పయనమేమిట్రా, రేపెళ్లమన్నాను. వినలేదు. మరిదిగారే బండి తోలుకుని తాడేపల్లిగూడెం తీసికెళ్లి రైలెక్కించి వచ్చారు. బాబూ, వాడు బతికున్నాడో లేదో కనుక్కుని చెప్పండి. ఎంత చెడ్డ కబురైనా సరే, నాకు చెప్పండి. రోజూ గుమ్మంలో కూర్చోలేకపోతున్నాను."

ఆ తల్లి అడిగినదానికి మంచి జవాబు ఉండదని అప్పుడే ఆయనకు తోచింది. తోచిన మాట తెర దాటి పంపడానికి మనసు రాలేదు.

"చెబుతానమ్మగారూ. మాట ఇస్తున్నాను" అన్నాడు చివరికి.

బండి వెళ్లాక రహమాన్ కార్డుల్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి ఒక్కొక్కటే ఏటవాలుగా పట్టి చూశాడు. బీచి బొమ్మ దగ్గర ఆగి, హమీదాని అద్దం అడిగి తెచ్చి దాని ముందు పెట్టాడు.

"బొమ్మలో ఆకాశం మీద మరకలు చూడండి, పంతులుగారూ. అద్దంలో చూసి చదవండి."

పాండురంగారావు కళ్లు చిట్లించాడు. బొమ్మలోని ఆకాశం మీద సన్నగా, తిరగబడిన అక్షరాలున్నాయి. అద్దంలో అవి సరిగ్గా కనిపించాయి. "'క్రిస్మస్ సెలవులకు'... అని ఉందండీ!"

"ఒక కార్డు రాసి, సిరా ఆరకుండానే దానిమీద ఇంకో కార్డు బొమ్మ కిందికి ఉండేలా పడేశాడు. సిరా అంటుకుంది. ఈ బీచి కార్డు దసరా ముందు వచ్చింది. క్రిస్మస్ కార్డు మొన్న వచ్చింది. దసరా నాటికే క్రిస్మస్ కార్డు రాసి ఉందంటే ఏమిటి?"

"అన్నీ ఒక్కసారే కూర్చుని రాశాడన్నమాట! మరి నెలనెలా పోస్టు చేసేదెవరండీ?"

"చెన్నపట్నంలో ఉన్నవాడెవడో. అబ్బాయి స్నేహితుడై ఉంటాడు. ఇప్పుడు వాడికీ క్రిస్మస్ సెలవులేగా" అన్నాడు రహమాన్.

చెన్నపట్నంలో చదివే కుర్రాళ్లని వాకబు చేస్తే, వెంకట్రాజు హాస్టలు స్నేహితుడు విశ్వాసం ఏలూరు వాడేనని తెలిసింది. మిషన్ స్కూలు మేష్టారి కొడుకు. వీళ్లు వెళ్లేసరికి అరుగు మీద కూర్చుని వెదురుపుల్లల నక్షత్రానికి రంగుకాగితం అంటిస్తున్నాడు. రహమాన్ ఏమీ అడగలేదు. బీచి కార్డు తీసి అరుగుమీద పెట్టాడు. కుర్రవాడి చేతిలోని జిగురు కాగితం కింద పడింది.

"వాడికేమైనా అయిందా అండీ?" అన్నాడు.

"అదే నిన్ను అడగడానికి వచ్చాను బాబూ. కార్డులు నువ్వేనా పోస్టు చేసేది?"

"నేనేనండీ. వేసవిలో వాడే రాసి ఇచ్చాడు. ఈ ఏడాది కాలేజీ మానేశాడండీ. బెజవాడ వెళ్లి విదేశీ బట్టల కొట్ల ముందు పికెటింగ్ చేస్తానన్నాడు. పట్టుకుంటే మారుపేరు చెప్పి జైలుకి పోతానన్నాడు. వాళ్ల బాబాయిగారు మునసబు కదండీ, ఇంటి కుర్రవాడు కాంగ్రెసులో చేరాడంటే ఆయన ఉద్యోగం ఊడుతుంది. అమ్మ బెంగపెట్టుకోకుండా కార్డులు వేస్తూండరా అన్నాడు. వాడింతవరకూ జైల్లోనే ఉన్నాడనుకుంటున్నానండీ."

"వాళ్లమ్మగారి ఉత్తరాలు నీకు అందాయా?"

విశ్వాసం తల వంచుకున్నాడు. "హాస్టలుకి వచ్చినవన్నీ దాచానండీ. విప్పలేదు. వాడికొచ్చినవి నేనెలా చదువుతానండీ?"

"ఇంకా పోస్టు చెయ్యని కార్డులున్నాయా?"

"కొన్నున్నాయండీ. అన్నిటికన్నా చివరిది మాత్రం వాడు విడుదలై వస్తున్నానని కబురంపాక వెయ్యమన్నాడు. అందాకా తిప్పి చూడొద్దని ఒట్టు పెట్టించుకున్నాడు."

దారిలో పాండురంగారావు ఉండబట్టలేక అడిగాడు. "ఈ కుర్రవాడే ఏదైనా చేసి, కార్డులతో కప్పిపుచ్చుతున్నాడేమోనండీ?"

"అలాంటివాడైతే తల్లి ఉత్తరాలు విప్పి చదివి, దూడకో పేరు చెప్పి, ఆవిడ నోరు మూయించేవాడు. విప్పలేదు కాబట్టే కార్డులు చెవిటివయ్యాయి" అన్నాడు రహమాన్.

బెజవాడలో రహమాన్‌కు తెలిసిన వకీలు ఒకాయన ఉన్నాడు. ఆయన జైళ్లలోనూ, చాటుగా కాంగ్రెసు శిబిరాలు నడిపేవాళ్ల దగ్గరా వాకబు చేశాడు. ఆ పోలికల కుర్రవాడు జైల్లో లేడు. వస్తానన్న రోజున రానేలేదు. మనసు మార్చుకున్నాడని వాళ్లూ వదిలేశారు. అంటే ఇల్లు వదిలాక, బెజవాడ చేరకముందే ఏదో జరిగింది.

తాడేపల్లిగూడెంలో రైలు దిగి, ఒంటెద్దు బండిలో పంటకాలువల వెంబడి పోయి ఇద్దరూ నరసరాజు ఇంటికి చేరారు. పెద్ద మండువా ఇల్లు. సావిట్లో గోడకి తాతగారి కాలం నుంచి వచ్చిన మునసబు బిళ్ల వేలాడుతోంది. నరసరాజు ఎదురొచ్చి కాళ్లకి నీళ్లిప్పించాడు. పొడుగాటి మనిషి. కళ్ల కింద గుంటలు పడి ఉన్నాయి. కొడుకు అబ్బాయిరాజు మాత్రం స్తంభానికి ఆనుకుని ముఖం ముటముటలాడించుకుంటూ నిలబడ్డాడు.

"ఏవండీ, దయచేసిన పనేమిటండీ?" అన్నాడు నరసరాజు.

"వెంకట్రాజు గారి విషయమండీ" అన్నాడు రహమాన్, వదినగారి మాట ఎత్తకుండా. "ఆయన చెన్నపట్నంలో లేరని తెలిసింది. వేసవి తరవాత కాలేజీకే రాలేదట."

నరసరాజు పైపంచెతో ముఖం తుడుచుకున్నాడు. "అయ్యో! ఎక్కడికి పోయుంటాడండీ? గూడెంలో నా చేతుల్తో మెయిలెక్కించానే. ట్రంకు పెట్టె కూడా నేనే అందించాను."

"లేకపోవడమేమిటి? మరి నెలనెలా ఆ కార్డులు రాసేదెవడు?" అని అరిచినట్టుగా అన్నాడు అబ్బాయిరాజు.

"మీకూ ఆయనకూ పడేది కాదని విన్నాను."

"పడేది కాదండీ. వాడు ఖద్దరు కట్టి ఊళ్లో తిరిగితే మా నాన్నగారు తల ఎత్తుకోలేకపోయేవారు. నేను వాణ్ణి రెండు తన్నాను కూడాను. తంతే తన్నాను గాని, వాడు కనబడకపోతే నాకేం సంతోషమా అండీ?" కోపంగా లోపలికి వెళ్లిపోయాడు.

నరసరాజు వాళ్లను భోజనానికి ఉండమని బతిమాలాడు. మర్యాదకి లోటు చెయ్యలేదు. బండి ఎక్కుతూ రహమాన్ వెనక్కి తిరిగి ఆ ఇంటివంక ఒకసారి చూశాడు.

"కొడుకు పొగరుబోతండీ. వాడి మీదే నా అనుమానం" అన్నాడు పాండురంగారావు.

"కొడుకు అడిగిన ప్రశ్న విన్నారుగా? అది ఎవరైనా అడిగేదే. తండ్రి అడగలేదు" అన్నాడు రహమాన్. కాసేపయ్యాక, "మాకూ నెలలు చంద్రుణ్ణి బట్టే నడుస్తాయి, పంతులుగారూ. అందుకని తిథుల మాట వస్తే నా చెవి అటు పోతుంది. బహుళ నవమికి ఏ దేవుడి మొక్కు?" అన్నాడు.

పాండురంగారావు ఆలోచించాడు. చవితికి వినాయకుడున్నాడు, ఏకాదశికి విష్ణువున్నాడు, చతుర్దశికి శివుడున్నాడు. నెలనెలా బహుళ నవమికి మాత్రం ఎవరూ తట్టలేదు.

"ఏదో గ్రామదేవతై ఉంటుందండీ" అన్నాడు.

"వచ్చే నవమికి చూద్దాం."

మార్గశిర బహుళ నవమి నాటి పొద్దున ఇద్దరూ తాటిదోనెలో కొల్లేట్లో ఉన్నారు. చలికాలం సరస్సు నిండుగా ఉంది. మండవల్లి వైపు లంకల చుట్టూ కిక్కిస గడ్డి మనిషెత్తు పెరిగింది. గూడబాతులు గుంపులుగా నీళ్లమీద తేలుతున్నాయి. ఆ అందం చూసే ఓపిక ఇద్దరికీ లేదు. కిక్కిస చాటున దోనె ఆపి రహమాన్ దుర్భిణి పాండురంగారావు చేతికిచ్చాడు.

"ఏం కనిపిస్తోంది?"

"లంక చివర మెట్టమీద నరసరాజు గారు కూర్చున్నారండీ. తడిబట్టతో ఉన్నారు. ఎదురుగా ఒక పురోహితుడున్నాడు. విస్తరాకులున్నాయి."

"రాజుగారి జంధ్యం ఏ భుజం మీదుంది?"

పాండురంగారావు మళ్లీ చూశాడు. దుర్భిణి దించి, తుడిచి, మరోసారి చూశాడు.

"కుడి భుజం మీదండీ."

రహమాన్ దుర్భిణి వెనక్కి తీసుకున్నాడు.

నరసరాజు దోనె కనుమరుగయ్యాక వీళ్లు మండవల్లిలో ఆ పురోహితుడి ఇంటికి వెళ్లారు. అవధానులు గారు ముసలాయన, లోకం తెలియని మనిషి. అడిగినదానికి దాపరికం లేకుండా ఒక్క మాట చెప్పాడు. ఆ మాట విన్నాక పాండురంగారావు ఆ పూట అన్నం ముట్టలేదు.

మూడోనాటి మధ్యాహ్నం నరసరాజు సావిట్లో అందరూ చేరారు. నరసరాజు వాలుకుర్చీలోనూ, అబ్బాయిరాజు అరుగు చివరా కూర్చున్నారు. విశ్వాసం ఒక చేతిసంచి ఒళ్లో పెట్టుకుని ముడుచుకుని ఉన్నాడు. అవధానులు గారు చాప మీద కూర్చున్నారు. వీధి గుమ్మంలో సబ్‌ఇన్‌స్పెక్టరు నిలబడ్డాడు. లోపలి గుమ్మానికి తెర వేసి ఉంది. తెర వెనక వెంకటనరసమ్మ, ఆవిడ చెయ్యి పట్టుకుని హమీదా ఉన్నారు. ఆ రోజు తనూ వస్తానని హమీదాయే పట్టుబట్టింది. ఆ తల్లి పక్కన ఆడదిక్కు ఉండాలంది.

రహమాన్ నిలబడే మాట్లాడాడు.

"కార్డుల సంగతి ముందు చెబుతాను. వెంకట్రాజు అవన్నీ వేసవిలోనే రాసి విశ్వాసానికి ఇచ్చాడు. విశ్వాసం స్నేహితుడికిచ్చిన మాట ప్రకారం పోస్టు చేశాడు. వెంకట్రాజు వెళ్లదలుచుకున్నది బెజవాడకి, జైలుకి. చేరలేదు. ఈ ఏర్పాటు తెలిసినవాడికి ఒక వెసులుబాటుంది. కుర్రవాడు మాయమైనా నెలనెలా కార్డులు వస్తాయి, ఎవరూ వెతకరు. అలా తెలిసినవాడు విశ్వాసం కాక ఇంకెవరు?"

అబ్బాయిరాజు విశ్వాసంవంక చూశాడు.

"అబ్బాయి చెన్నపట్నంలో లేడని నేను చెప్పిన రోజున అబ్బాయిరాజు గారు వెంటనే అడిగారు, 'మరి కార్డులు రాసేదెవడు?' అని. తెలియనివాడు అడగవలసిన మొదటి ప్రశ్న అది. నరసరాజు గారు ఆ కార్డులన్నీ స్వయంగా చదివి వినిపించినవారు. ఆయనకు ఆ అనుమానమే రాలేదు. ఆయనకు జవాబు ముందే తెలుసు."

"తొట్రుపాటులో అడగలేదండీ. దానికి ఇంత అర్థం తీస్తారా?" అన్నాడు నరసరాజు.

"తియ్యను రాజుగారూ. అందుకే ఇంకోటి వెతికాను. మీరు నెలనెలా బహుళ నవమికి కొల్లేటికి పోయి స్నానం చేస్తున్నారు. అబ్బాయి ఇల్లు కదిలింది కూడా బహుళ నవమి నాడే. వాళ్లమ్మగారు పయనం వద్దన్నారు కాబట్టి ఆవిడకి బాగా గుర్తుంది. మొక్కయితే దేవుడి తిథి ఉండాలి. నెలనెలా తప్పకుండా వచ్చే తిథి ఇంకొకరికి ఉంటుంది. పంతులుగారూ, ఆ రోజు మీరు చూసింది చెప్పండి."

పాండురంగారావు గొంతు సవరించుకున్నాడు. "ఆయన జంధ్యం కుడి భుజం మీద ఉందండీ. దేవుడి పనికి ఎడమ భుజం మీద ఉంటుంది. పితృకార్యానికే అలా మారుస్తాం. ఆయన చేసేది మొక్కు కాదండీ. ఏటిలోపు పోయినవాళ్లకి నెలనెలా పెట్టే మాసికం."

తెర వెనక గాజులు చప్పుడయ్యాయి. అవి హమీదా గాజులు.

"పోయిన మా నాన్నగారికి..." అని మొదలుపెట్టాడు నరసరాజు.

"అవధానులు గారూ, సంకల్పంలో ఏ పేరు చెప్పించారో సెలవివ్వండి" అన్నాడు రహమాన్.

ముసలాయన చెప్పాడు. "కౌండిన్య గోత్రం, వెంకటరాజ వర్మ. అన్నగారి కొడుకన్నారండీ. అకాలమృత్యువన్నారు. నాకింకేమీ తెలీదు బాబూ."

అబ్బాయిరాజు లేచి నిలబడి తండ్రివంక చూస్తూ ఉండిపోయాడు.

"అవధానులు గారు మిమ్మల్ని ఎరగరు. అందుకే మీ పురోహితుణ్ణి కాదని అంతదూరం వెళ్లారు. ఏ పేరు చెప్పినా ఆయన మంత్రం చెప్పేవారే. కానీ పేరూ గోత్రమూ తప్పితే పిండం చేరదు. వదినగారికి అబద్ధం చెప్పారు, ఊరికి చెప్పారు, నాకు చెప్పారు. చచ్చిపోయినవాడికి చెప్పలేకపోయారు" అన్నాడు రహమాన్. తరవాతి మాట చాలా మెల్లగా వచ్చింది. "ఆ మెట్ట పక్కనే నిన్న పోలీసులు తవ్వారు. మీరు మెయిలుకి అందించానన్న ట్రంకు పెట్టె అక్కడే ఉంది. అబ్బాయీ అక్కడే ఉన్నాడు."

నరసరాజు కూర్చున్నచోటే కుంగిపోయాడు. గోడమీది బిళ్లవంక చూస్తూ మాట్లాడాడు.

"వాడే చెప్పాడండీ, బండిలో. 'బాబాయ్, నీకు చెప్పకుండా పోవడం ధర్మం కాదు, నీ ఉద్యోగం జాగ్రత్త చూసుకో' అని అన్నీ చెప్పాడు. కార్డుల సంగతీ చెప్పాడు, నవ్వుకుంటూ. మా తాతగారి నాటి మునసబుగిరీ. వీడి మూలాన పోతుందా అనుకున్నాను. గూడెంలో నిన్నెరిగినవాళ్లుంటారు, దోనెలో మండవల్లి చేరుస్తాను, అక్కడ రైలెక్కమని నమ్మించి లంకకి తీసికెళ్లాను. నాలుగు రోజులు సావిట్లో పెట్టి గడియ వేస్తే బుద్ధొస్తుందనుకున్నాను. వాడు కనిపెట్టి దోనెలోకి దూకాడు. నా చేతిలో దోనె తోసే గెడ ఉంది. ఒక్కటే దెబ్బ. చంపాలని కాదండీ, వెళ్లిపోతాడని. చూస్తే లేవలేదు."

"తరవాత?"

"తరవాత కార్డు వచ్చిందండీ."

తెర కదిలింది. హమీదా "అమ్మా" అని పిలుస్తున్నా ఆగకుండా వెంకటనరసమ్మ బయటికి వచ్చింది. తెల్లచీర, పీలగా ఉన్న మనిషి. పెళ్లయి ఆ ఇంటికి వచ్చాక పరాయి మగవాళ్ల ఎదుట ఆవిడ ముఖం చూపించడం అదే మొదలు. సబ్‌ఇన్‌స్పెక్టరు తల దించుకున్నాడు.

ఆమె నరసరాజు ఎదురుగా వచ్చి నిలబడింది. "ఆ కార్డులన్నీ మీరే చదివారు కదా మరిదిగారూ. 'అమ్మా, నేను క్షేమం' అని చదివారు. ఒక్కసారైనా గొంతు తడబడలేదే!"

నరసరాజు రెండు చేతులతోనూ ముఖం కప్పుకున్నాడు. సబ్‌ఇన్‌స్పెక్టరు వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. తండ్రి వెంట అబ్బాయిరాజు వీధి గుమ్మం దాకా వెళ్లి, గడప దాటలేక అక్కడే కూలబడ్డాడు.

విశ్వాసం లేచి, ఏడుస్తూనే సంచి విప్పాడు. విప్పని ఉత్తరాల కట్ట ఆవిడ చేతుల్లో పెట్టి, వాటిమీద మిగిలిన కార్డులుంచాడు. వెంకటనరసమ్మ ఒక్కొక్క బొమ్మా చూసింది. ప్రతిదానిలోనూ చుక్క వెతికి, దొరికాక దానిమీద వేలు పెట్టింది. అన్నిటికన్నా అడుగున హాస్టలు బొమ్మ ఉంది. దాన్ని అటూ ఇటూ తిప్పింది.

"దీనికి చుక్క లేదేమండీ?"

రహమాన్ కార్డు అందుకున్నాడు. ఇన్నేళ్లలో ఎన్నో చావుకబుర్లు చెప్పిన మనిషి ఆ కొద్ది వాక్యాల ముందు ఆగిపోయాడు. చదవక తప్పదు. మాట ఇచ్చాడు.

"'అమ్మా, ఈ బొమ్మలో చుక్క పెట్టలేదు. ఎందుకంటే నేనక్కడ లేను. ఈ ఏడాదంతా లేను. నిన్ను మోసం చేశాను, కోప్పడకు. నువ్వు రాయించినవాటికి వేటికీ నా కార్డుల్లో జవాబు లేదని నువ్వు కనిపెట్టే ఉంటావు. నీకు తెలియనిదేముంది! అన్నిటికీ ఇంటికొచ్చి జవాబు చెబుతాను. వస్తున్నాను.'"

ఆమె కార్డు వెనక్కి తీసుకుంది. దూడ పెరట్లో అరిచింది. ఆవిడ అటు తిరిగి చూసింది.

"దానికింకా పేరు పెట్టలేదండీ" అంది.

హమీదా వచ్చి ఆవిడ పక్కన నేలమీద కూర్చుంది.